మంట పెట్టిన ఆయన చనిపోయారు, కాలిపోయిన తోటకు పరిహారం ఎవరిని అడగాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ. నార్పల మండలంలో మీకు మూడెకరాల చీనీ (బత్తాయి) తోట ఉంది. 2025 మార్చిలో పక్క చేను ఆయన, మీకు పెదనాన్న వరుస, గెనాల (పొలం గట్ల) మీద ఎండిన కసువుకు మంట పెట్టారు. గాలికి అది మీ తోటలోకి పాకి 140 చెట్లు, డ్రిప్పు పైపులు, బోరు స్టార్టరు, కేబులు కాలిపోయాయి. పెద్దమనుషుల ముందు ఆయన "నాదే పొరపాటు, కాపు అమ్మినాక నాలుగు లక్షలు ఇస్తా" అన్నారు. కాగితం రాసుకోలేదు. నవంబరులో గుండెపోటుతో పోయారు. ఇప్పుడు కొడుకులిద్దరూ "నాయన మాట నాయనతోనే పోయింది, మాకేం సంబంధం" అంటున్నారు. పైగా ఆరెకరాల చేను బేరం పెట్టారని విన్నారు. అడగొచ్చా, ఎవరిని అడగాలి, పెద్దమ్మను కోర్టుకు లాగకుండా కుదురుతుందా అన్నది మీ సందేహం.

అడగొచ్చు. మనిషి పోయినా ఆస్తి నష్టం మీద దావా పోదు. కానీ మీరు అడిగేది కొడుకుల సొంత డబ్బు కాదు, ఆయన వదిలి వెళ్లిన ఆస్తిలోంచి. ఆయన ఏమీ వదలకపోతే మీకు రైటు ఉన్నా రూపాయి రాదు. గడువు మంట పడిన రోజు నుంచి మూడేళ్లు, అంటే 2028 మార్చి. ఆయన చనిపోయిన రోజు నుంచి కాదు. ఈ తేడా తెలియక దెబ్బతిన్నవాళ్లను చాలామందిని చూశాను.

నేను అనంతపురం కోర్టుల్లో ఇరవై రెండేళ్లుగా సివిల్ వైపే పనిచేస్తున్నాను. ఇలాంటి కేసులు ఏడాదికి రెండో మూడో వస్తాయి, అన్నీ దావా దాకా వెళ్లవు. ఎందుకు వెళ్లవో కూడా చెప్తాను.

ముందు "నాయనతోనే పోయింది" అన్న మాట సంగతి. ఇది కొడుకులు కల్పించింది కాదు. వెనకటి ఇంగ్లీషు న్యాయంలో వ్యక్తి చేసిన తప్పు వ్యక్తితోనే పోతుందన్న సూత్రం ఉండేది, దాని నీడ ఇప్పటికీ మన కోర్టు వరండాల్లో తిరుగుతూ ఉంటుంది. 1925 నాటి భారత వారసత్వ చట్టం 306వ సెక్షన్ దాన్ని చాలావరకు తీసేసింది. చనిపోయిన మనిషి మీద ఉన్న దావా హక్కులు ఆయన ఆస్తిని చూసుకునేవాళ్ల మీద కొనసాగుతాయని ఆ సెక్షన్ చెప్తుంది. మినహాయింపులు కొన్నే: పరువు నష్టం, చేయి చేసుకోవడం, ప్రాణం పోకుండా ఒంటికి తగిలిన ఇతర గాయాలు. ఆయన మిమ్మల్ని నలుగురిలో తిట్టి ఉంటే ఆ దావా నిజంగానే ఆయనతో పోయేది. తోట కాలడం ఆ జాబితాలోకి రాదు.

పోలీసు కేసు సంగతి కూడా అడిగారు. నిప్పు విషయంలో నిర్లక్ష్యానికి భారతీయ న్యాయ సంహితలో 287వ సెక్షన్ ఉంది. కానీ ముద్దాయి చనిపోతే క్రిమినల్ కేసు అక్కడితో ముగుస్తుంది. కొడుకుల మీద అది పడదు. "స్టేషన్‌లో పెట్టి భయపెడదాం" అని ఎవరైనా సలహా ఇస్తే వినకండి. మంట పెట్టనివాళ్ల మీద కేసు పెట్టించి మీరే ఇరుక్కుంటారు. అప్పట్లో మీరు ఇచ్చిన ఫిర్యాదు, స్టేషన్ వాళ్లు ఇచ్చిన రసీదు ఉంటే మాత్రం భద్రంగా ఉంచండి. మంట ఏ రోజు పడిందో చెప్పడానికి అదొక సాక్ష్యం.

ఇక ఎవరి మీద వేయాలి. కోర్టు భాషలో వీళ్లను ఎల్‌ఆర్‌లు అంటారు, చనిపోయిన మనిషి ఆస్తికి చట్టప్రకారం ప్రతినిధులు. హిందూ కుటుంబంలో వీలునామా లేకపోతే మొదటి తరగతి వారసులు భార్య, కొడుకులు, కూతుళ్లు, తల్లి బతికి ఉంటే తల్లి. ముందే చనిపోయిన కొడుకో కూతురో ఉంటే వాళ్ల పిల్లలు కూడా. మీరు ప్రశ్నలో ఇద్దరు కొడుకుల పేర్లే ఎత్తారు, ధర్మవరంలో ఇచ్చిన కూతురి గురించి ఒక ముక్క రాసి వదిలేశారు. ఆమెను కూడా తప్పకుండా పార్టీగా వేయాలి. మన దగ్గర 1985 నుంచే, ఎన్టీఆర్ హయాంలో తెచ్చిన రాష్ట్ర సవరణతో, అప్పటికి పెళ్లికాని ఆడపిల్లలకు ఉమ్మడి ఆస్తిలో భాగం ఉంది. 2005 కేంద్ర సవరణ తర్వాత పెళ్లైనా కాకపోయినా ఒకటే. "కట్నం ఇచ్చి పంపేశాం" అన్నది ఊళ్లో మాట, కోర్టులో కాదు. ఒక వారసురాలిని వదిలేస్తే రేపు డిక్రీ వచ్చాక ఆమె భాగం మీద చెయ్యి వేయలేరు.

మండలాఫీసులో ఇచ్చే ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ చూస్తే ఎవరెవరు ఉన్నారో తెలుస్తుంది. అది మీకు ఇవ్వరు, వాళ్లు పాస్‌బుక్ మార్పు కోసం తీసుకునే ఉంటారు. మరణ ధ్రువపత్రం నకలు మాత్రం పంచాయతీలోనో సచివాలయంలోనో అడిగి ఒకటి సంపాదించుకోండి.

దీని మీద నా సొంత అనుభవం ఒకటి చెప్పాలి. ప్రాక్టీసు మొదలుపెట్టి నాలుగైదేళ్లు అయినప్పటి మాట. టౌనులో ఒకాయన పక్క స్థలంలో పునాది లోతుగా తీస్తే మా క్లయింటు ఇంటి గోడ పగిలింది. ప్లెయింటు రాసి, కోర్టు ఫీజు కట్టి, నంబరు కూడా వేయించాను. సమన్లు తిరిగి వచ్చాయి, మీద "మరణించినాడు" అని రాసి. విచారిస్తే మేం దావా వేయడానికి పదకొండు రోజుల ముందే ఆయన బెంగళూరులో ఆసుపత్రిలో పోయారు. పక్కింటివాళ్లే అయినా మాటల్లేక మా క్లయింటుకు తెలియలేదు. చనిపోయిన మనిషి పేరు మీద వేసిన దావా పుట్టుకతోనే చెల్లదు. తర్వాత వారసుల పేర్లు చేర్చి దాన్ని బతికించడం గగనం. అదృష్టం కొద్దీ మూడేళ్లలో ఇంకా ఏడు నెలలు మిగిలాయి, కొత్తగా వారసుల మీద వేసుకున్నాం. మొదటి ఫీజు పోయింది, క్లయింటు నన్ను అన్న మాటలు ఇక్కడ రాయను. అప్పటి నుంచి ఏ దావా వేసే ముందైనా ప్రతివాది బతికే ఉన్నాడా అని ఒక మనిషిని పంపి కనుక్కుంటాను. నవ్వుకోవచ్చు, కానీ ఇప్పటికీ అదే చేస్తాను.

అదే దావా నడుస్తుండగా ప్రతివాది చనిపోతే వేరే లెక్క. అప్పుడు 90 రోజుల్లోగా వారసులను రికార్డులోకి తేవడానికి పిటిషన్ వేయాలి. ఆ గడువు దాటితే దావా ఆయన మేరకు కొట్టుకుపోతుంది. దాన్ని రద్దు చేయించడానికి మరో 60 రోజులు ఉంటాయి, అదీ దాటితే ఆలస్యానికి కారణం చూపించి బతిమాలుకోవాలి. మీకిది ఇప్పుడు అక్కర్లేదు కానీ, ప్రతివాదుల్లో ఒకరికి వయసు ఎక్కువ కాబట్టి గుర్తుపెట్టుకోండి.

ఇప్పుడు అసలైన ప్రశ్న, నా దృష్టిలో మీరు అడగనిది: ఆయన ఏం వదిలి వెళ్లారు?

ఆరెకరాలు ఆయన సొంతంగా కొన్నవా, తాత నుంచి వచ్చినవా? దీని మీదే మీ కేసు విలువ నిలబడుతుంది. సొంతంగా కొన్నవైతే ఆరెకరాలూ ఆయన ఆస్తే, మొత్తం మీ దావాకు అందుతుంది. పిత్రార్జితమై ఇంకా పంచుకోకుండా ఉంటే, చనిపోవడానికి సరిగ్గా ముందు పంపకం జరిగినట్టు ఊహించి లెక్క వేస్తారు. తండ్రి, ఇద్దరు కొడుకులు, ఒక కూతురు, నాలుగు భాగాలు. మన ప్రాంతంలో అనుసరించే పద్ధతిలో ఆ పంపకంలో భార్యకు విడిగా భాగం రాదు, భర్త భాగంలో వారసత్వంగా వస్తుంది. అంటే ఆయన వంతు ఎకరన్నర. మీ చెయ్యి అందేది ఆ ఎకరన్నరకే. మిగతా నాలుగున్నర ఎకరాలు పిల్లలకు పుట్టుకతో వచ్చిన హక్కు, అది తండ్రి వదిలిన ఆస్తి కాదు.

"తండ్రి అప్పు కొడుకు తీర్చాలి కదా సార్" అని నా ఆఫీసుకు వచ్చే ప్రతి రైతూ అంటాడు. వెనకటి హిందూ ధర్మశాస్త్రం ప్రకారం కొడుకులకు ఆ బాధ్యత ఉండేది, దాని ఆధారంగా ఉమ్మడి ఆస్తిలో కొడుకుల భాగాన్ని కూడా పట్టుకునేవారు. 2005 సవరణ దాన్ని తీసేసింది. ఆ సవరణ తర్వాత చేసిన అప్పులకు కేవలం కొడుకు అన్న కారణంతో కొడుకు మీదకు పోవడానికి లేదు. ఊరు ఇంకా పాత శాస్త్రంలోనే ఉంది, అందుకే పంచాయితీలో పెద్దమనుషులు మీ వైపు మాట్లాడితే పొంగిపోకండి. అదే మాట కోర్టులో చెల్లదు.

కాబట్టి ముందు ఖర్చు ఈసీ (ఆ భూమి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల వివరాల పత్రం) తీయించడానికి పెట్టండి, లాయరు నోటీసుకు కాదు. రిజిస్ట్రారు ఆఫీసులో ఆ సర్వే నంబర్లకు వీలైనంత వెనక నుంచి ఈసీ తీయిస్తే ఆయన కొన్నారా, భాగపంపకంలో వచ్చిందా, ఎవరికైనా గిఫ్టు రాశారా తెలుస్తుంది. మీభూమి వెబ్‌సైటులో 1బీ, అడంగల్ అనే భూమి రికార్డులు చూసుకోండి. బ్యాంకులో పంట రుణం ఉందని మీరే రాశారు. చేను తనఖాలో ఉంటే బ్యాంకు బాకీ పోగా మిగిలిందే మీకు. ఆయన చివరి రోజుల్లో ఆసుపత్రి ఖర్చు, కర్మ ఖర్చు కూడా మీ బాకీ కంటే ముందు వరసలో ఉంటాయి. ఇవన్నీ తీసేసి ఎంత మిగులుతుందో కాగితం మీద వేసుకోండి. ఎకరన్నర చేను, దాని మీద రుణం అంటే కొన్నిసార్లు మిగిలేది మీ కోర్టు ఖర్చుకు కూడా చాలదు.

కొన్నిటి మీద చెయ్యి పడదు. రైతు కుటుంబం కాపురముండే ఇల్లు, సేద్యం ఎద్దులు, పనిముట్లు జప్తు చేయడానికి సివిల్ ప్రొసీజర్ కోడ్ 60వ సెక్షన్ ఒప్పుకోదు. ఎల్‌ఐసీ డబ్బు భార్య పేరు మీద నామినీగా ఉంటే 2015 తర్వాత అది ఆమెదే. చనిపోయినాయన ఉద్యోగస్థుడైతే పీఎఫ్ కూడా అంతే, నామినీకి చేరాక ఆయన బాకీలతో దానికి సంబంధం ఉండదు. రెండేళ్ల కిందట ఒకరు ఇలాంటి కేసే తెచ్చారు. అద్దెకున్నాయన గ్యాసు పొయ్యి దగ్గర అజాగ్రత్తతో ఇల్లు కాలింది, తర్వాత కొన్నాళ్లకు ఆయన పోయారు. ఆయనకు ఉన్నది పీఎఫ్, ఒక బీమా పాలసీ, పాత స్కూటరు. ఇల్లు పోయిన ఆయన బాధ న్యాయమైనదే, కేసు కూడా బలమైనదే. నేను తీసుకోలేదు. అద్దె అడ్వాన్సు డబ్బు మినహాయించుకుని వదిలేయమన్నాను. ఆయనకు కోపం వచ్చి వేరే లాయరు దగ్గరకు వెళ్లారు, తర్వాత ఏమైందో కనుక్కోలేదు.

మీ విషయంలో భూమి ఉంది కాబట్టి కేసు ఉంది. అయితే బేరం పెట్టారన్న మాట నాకు ఎక్కువ టెన్షన్ పెడుతోంది. మీది తనఖా లేని బాకీ. విషయం తెలియని మనిషి సరైన ధర ఇచ్చి ఆ చేను కొనేస్తే, ఆ భూమి వెంట మీరు పడలేరు. డబ్బు దావా వేసినంత మాత్రాన అమ్మకం ఆగదు. అమ్మిన డబ్బు వారసుల చేతిలో ఉన్నంతవరకు వాళ్లు జవాబు చెప్పాలి. సివిల్ ప్రొసీజర్ కోడ్ 52వ సెక్షన్ ప్రకారం చేతికి వచ్చిన ఆస్తిని ఏం చేశారో కోర్టుకు సరిగా చెప్పలేకపోతే ఆ మేరకు వాళ్ల సొంత ఆస్తి మీదకు కూడా డిక్రీ పోతుంది. కొడుకుల సొంత డబ్బు మీదకు వెళ్లే దారి దాదాపు ఇదొక్కటే. కానీ బెంగళూరులో అపార్ట్‌మెంటు అడ్వాన్సులోకి పోయిన డబ్బును వెతుక్కుంటూ తిరగడం కంటే చేను అమ్మకముందే కదలడం మేలు.

దానికి దావాతో పాటే తీర్పుకు ముందు జప్తు కోరుతూ పిటిషన్ వేస్తాం, అదే కోడ్‌లోని ఆర్డర్ 38 రూల్ 5 కింద. బాకీ ఎగ్గొట్టడానికే అమ్ముతున్నారని చూపించాలి, ఊరికే "అమ్ముతారేమో" అంటే జడ్జి ఒప్పుకోరు. బేరం ఆడిన దళారి, అడ్వాన్సు కాగితం, వాట్సాప్‌లో పెట్టిన ప్రకటన, ఏదో ఒకటి చేతిలో ఉండాలి. వాళ్లు సెక్యూరిటీ ఇస్తే జప్తు అక్కర్లేదు, మీకూ అదే కావాలి.

సాక్ష్యం సంగతి. ఇదే మీకు కష్టం, ఇదే మీకు బలం కూడా. ఆయన బతికి ఉంటే బోనెక్కి "మంట నేను పెట్టలేదు" అనొచ్చు. ఇప్పుడు ఆ మాట అనేవాళ్లు లేరు, కానీ "నేనే పెట్టాను" అన్న మాట కూడా ఆయన నోటి నుంచి మళ్లీ రాదు. పంచాయితీలో ఆయన అన్న మాట పనికొస్తుందా అంటే పనికొస్తుంది. చనిపోయిన మనిషి తనకే నష్టం కలిగించేలా, తన మీద నష్టపరిహారం దావా పడేలా చెప్పిన మాటను సాక్ష్యంగా తీసుకోవచ్చని భారతీయ సాక్ష్య అధినియం 26వ సెక్షన్‌లో ఉంది. ఆ రోజు రచ్చబండ దగ్గర ఉన్నవాళ్లలో ఇద్దరు ముగ్గురు కోర్టుకు వచ్చి చెప్పాలి. మీ తమ్ముడో బావమరిదో కాదు, ఆ కుటుంబానికి కూడా కావలసినవాళ్లైతే మంచిది. వాళ్లు ఇప్పుడు "వస్తాం" అంటారు, రెండేళ్లకు ముఖం చాటేస్తారు. అందుకే ఎవరు గట్టివాళ్లో మీరే బేరీజు వేసుకోండి.

నాలుగు లక్షల ఒప్పందం మీద మాత్రం దావా నిలబెట్టకండి. కాగితం లేదు, ఎప్పుడు ఇవ్వాలో తేదీ లేదు. అసలు జరిగిన నష్టాన్నే దావాగా వేసి, ఆ మాటను ఆయన తప్పు ఒప్పుకున్నదానికి రుజువుగా వాడాలి. కొడుకులు "గాలి వచ్చింది, దైవాధీనం" అంటారు. మార్చి నెల మధ్యాహ్నం, ఎండిన కసువు, పక్కనే డ్రిప్పు వేసిన తోట. నిప్పు పెట్టినవాడు గాలి చూసుకోవాలి, పక్కన నీళ్లు పెట్టుకుని కాపలా ఉండాలి. మన వ్యవసాయదారుడికి ఇది తెలియదని ఏ జడ్జీ నమ్మరు, వాళ్లలో సగం మంది రైతుబిడ్డలే.

నష్టం ఎంత అన్నదగ్గర మాత్రం అందరూ ఎక్కువ చెప్పుకుని తక్కువ రుజువు చేస్తారు. "ఒక్కో చెట్టు ఇరవై ఏళ్లు కాసేది" అని లెక్క కట్టి కోటి అడిగితే కోర్టు ఫీజు మీకే భారం, కోర్టు నమ్మకమూ పోతుంది. ఇరవై అడుగుల ఎడంలో నాటితే ఎకరాకు 108 చెట్ల లెక్క, మీ మూడెకరాల్లో 140 కాలాయంటే దాదాపు సగం తోట. చెట్టు వయసు, కాపుకొచ్చిందా లేదా, పూర్తిగా చచ్చిందా మళ్లీ చిగురేసిందా, ఇవి ఉద్యాన శాఖ అధికారితో రాయించుకోండి. భూసేకరణలో చెట్లకు విలువ కట్టేది వాళ్లే కాబట్టి ఆ పద్ధతి వాళ్లకు తెలుసు. ఈపాటికి కొన్ని చెట్లు కొట్టేసి ఉంటారు. మిగిలిన మోళ్లు ఉంచండి. దావా వేయగానే అడ్వకేట్ కమిషనర్‌ను పంపమని పిటిషన్ వేస్తే ఆయన వచ్చి చూసి, లెక్కపెట్టి రిపోర్టు ఇస్తారు. డ్రిప్పు బిల్లులో ప్రభుత్వ సబ్సిడీ పోగా మీరు కట్టిన వాటా ఎంతో అదే అడగండి. సబ్సిడీ డబ్బు కూడా కలిపి అడిగిన క్లయింటును అవతలి లాయరు బోనులో పది నిమిషాల్లో అబద్ధాలకోరును చేశాడు, ఆ తర్వాత అతను చెప్పిన నిజాలు కూడా ఎవరూ వినలేదు.

ఫైర్ ఇంజిన్ వచ్చిందా? వస్తే ఫైర్ స్టేషన్ రిపోర్టు అడిగి తీసుకోండి. ఫోన్‌లో తీసిన ఫోటోలు ఉంటే ఆ ఫోన్ అమ్మకండి, మార్చకండి. ఫోటోలతో పాటు సాక్ష్య అధినియం 63వ సెక్షన్ కింద సర్టిఫికెట్ ఇవ్వాలి, అది మీ లాయరు చూసుకుంటారు, కానీ అసలు ఫోన్ మీ దగ్గరే ఉంటే పని సులువు.

ఇంకో మాట. బేరసారాల్లో పెద్ద కొడుకు "సరే, రెండు లక్షలకు నోటు రాసిస్తా" అనొచ్చు. ప్రామిసరీ నోటు తన పేరు మీద రాసి సంతకం పెడితే అది తండ్రి బాకీ కాదు, అతని సొంత బాకీ అవుతుంది. మీకు అది లాభమే. కానీ అతనికి ఆ సంగతి తెలిసి రాస్తున్నాడా లేదా అన్నది మీ మనస్సాక్షికి వదిలేస్తున్నాను. ఊళ్లో రేపు కూడా ఆ గెనం మీదే ఎదురుపడాలి.

ఇదే ప్రశ్న వాహనం గురించైతే జవాబు కొంచెం మారుతుంది, కింద ఇంకొకరు కడప నుంచి అడిగారు కాబట్టి క్లుప్తంగా చెప్తాను. లారీ వచ్చి కొట్టు గోడను గుద్దింది, నడుపుతున్న యజమానే ఆ ప్రమాదంలో పోయాడు. అక్కడ ముందు చూడాల్సింది చనిపోయినవాడి ఆస్తి కాదు, బండి ఇన్సూరెన్సు. మోటారు వాహనాల చట్టం 155వ సెక్షన్ ప్రకారం పాలసీదారు చనిపోయినా ఇన్సూరెన్సు కంపెనీ బాధ్యత పోదు. మామూలు పాలసీలో లారీకి, కారుకు మూడో మనిషి ఆస్తి నష్టం 7.5 లక్షల వరకు ఉంటుంది, ప్రీమియం తగ్గించుకోవడానికి కొందరు దాన్ని 6,000కు కుదించుకుని ఉంటారు. పాలసీ నకలు చూడాలి. ట్రిబ్యునల్‌కు ప్రమాదం జరిగిన ఆరు నెలల్లోగా వెళ్లాలని 2022 ఏప్రిల్ నుంచి చట్టంలో ఉంది, కాబట్టి మూడేళ్లు ఉన్నాయని కూర్చోకండి. చనిపోయినవారు ముస్లిం అని రాశారు. వారసులను పార్టీలుగా వేయండి, ఒక్కొక్కరు తమకు వచ్చిన వాటా మేరకే బాధ్యులు, ఒకరి వాటా ఇంకొకరి దగ్గర వసూలు చేయలేరు.

మళ్లీ నార్పలకు. నన్ను అడిగితే దావాకు ముందు ఒక మెట్టు ఉంది. జిల్లా కోర్టు ఆవరణలో న్యాయ సేవాధికార సంస్థ ఆఫీసు ఉంటుంది. దావా వేయకముందే అక్కడ ఒక అర్జీ పెట్టుకుంటే వారసులందరికీ నోటీసు పంపి లోక్ అదాలత్‌లో కూర్చోబెడతారు. ఫీజు లేదు. కుదిరితే అక్కడ ఇచ్చే అవార్డు కోర్టు డిక్రీతో సమానం, దాని మీద అప్పీలు ఉండదు. పంచాయితీలో పెద్దమనుషుల ముందు కుదిరినదానికీ దీనికీ తేడా అదే: ఇక్కడ మాట తప్పితే నేరుగా ఈపీ (డిక్రీ అమలు పిటిషన్) వేసుకోవచ్చు. వారసులందరూ సంతకం పెట్టాలి, కూతురితో సహా. ఇలాంటి వాటిలో నా క్లయింట్లకు ఎక్కువగా దొరికింది అడిగినదాంట్లో సగానికి అటూ ఇటూ, అదీ రెండు మూడు వాయిదాల్లో. దావా వేసి గెలిచినవాళ్లకు చివరికి చేతికి వచ్చింది కూడా, ఖర్చులు తీసేస్తే, దానికంటే గొప్పగా ఏం లేదు. తీర్పు తర్వాత వడ్డీ కూడా ఇలాంటి వాటిలో ఏడాదికి ఆరు శాతానికి మించదు. అయితే చేను బేరం నిజమై, అడ్వాన్సు కూడా పడిందని తెలిస్తే లోక్ అదాలత్ తేదీ కోసం ఎదురుచూడకండి, నేరుగా దావా, జప్తు పిటిషన్ వేయించండి. రాజీ తర్వాత కూడా చేసుకోవచ్చు, లోక్ అదాలత్‌లో రాజీ అయితే కట్టిన కోర్టు ఫీజు వాపసు వస్తుంది.

చివరగా పెద్దమ్మ సంగతి. ఆమెను వదిలేసి పిల్లల మీదే వేయొచ్చా అని అడిగారు. కుదరదు. ఆమె మొదటి తరగతి వారసురాలు, ఆయన భాగంలో ఆమెకూ సమాన వాటా ఉంది. కానీ పార్టీగా పేరు ఉండడం వేరు, కోర్టు మెట్లెక్కడం వేరు. వకాలత్ (లాయరుకు ఇచ్చే అధికార పత్రం) మీద సంతకం పెడితే ప్రతి వాయిదాకూ ఆమె రానక్కర్లేదు. లాయరు ఫీజు భారమనుకుంటే మహిళ కాబట్టి ఆదాయంతో పనిలేకుండా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా లాయరును ఇస్తుంది, ఆ సంగతి ఆమెకు మీరే చెప్పినా తప్పు లేదు. దావాలో కూడా "మృతుని ఆస్తి మేరకు మాత్రమే" అన్న మాట స్పష్టంగా రాయించండి. నోటీసు పోస్టులో చేరకముందే ఒకసారి మీరే వెళ్లి ఆమెతో మాట్లాడండి, కొడుకులు లేనప్పుడు కాదు, ఉన్నప్పుడే. పెదనాన్న ఆ రోజు పంచాయితీలో ఏమన్నారో ఆమెకూ తెలిసే ఉంటుంది.